గోలెంలో పిడికెడు సిమెంటు

మొన్న ఉదయం నేను మా మనవడికి ఒక అబద్ధం చెప్పాను. కొత్తగా కల్పించింది కాదు. మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా అందరూ నిజమనుకుని చెప్పుకునేదే. అది అబద్ధమని తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. తెలిసీ చెప్పాను.

జరిగింది చిన్న సంగతి. వాడు అలమార మీది నువ్వులనూనె సీసా దించబోయి జారవిడిచాడు. నేలంతా నూనె, గాజుపెంకులు. వంటింట్లోంచి మా కోడలు తొంగిచూసి, "బిల్హావాడి చెయ్యి పడిందేటి మళ్ళీ?" అంది. మా ఇంట్లో ఎవరి చేతిలోంచి ఏది జారినా అనే మాట అది. కోడలికి మా ఆవిడ దగ్గర్నుంచి వచ్చింది, మా ఆవిడకి మా పెద్దమ్మ దగ్గర్నుంచి. మా బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వైపు లోకల్ బండిలో పోతే తగిలే బిల్హా ఊరు అందరికీ తెలుసు. ఆ బిల్హావాడెవడో మాత్రం ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. మావాడు అడిగాడు.

"తాతా, యే బిల్హావాడు కౌన్ థా? నిజంగా ఉన్నాడా?"

వాడి తెలుగు అంతే. సగం దారిలో హిందీలోకి దిగిపోతుంది.

నేను చెప్పాను. పూర్వం మా పెదనాన్న బొగ్గు ఇంజన్ల లోపల ఇటుకలతో ఆర్చి కట్టేవాడనీ, బిల్హా నుంచి వచ్చిన ఒక ఫైర్‌మన్ నిప్పు కెలుకుతూ ఇనప కడ్డీతో దాన్ని పడగొట్టేశాడనీ, బండి అడవి మధ్యలో నిలిచిపోయిందనీ చెప్పాను. చేతికర్ర పట్టుకుని అతను ఎలా పొడిచి ఉంటాడో చేసి కూడా చూపించాను. వాడు పడీపడీ నవ్వాడు. కాసేపటికి వీధిలో పిల్లలు అదే ఆట కట్టారు. ఒకడు ఇంజను, ఇద్దరు చేతులు కలిపి ఆర్చి, మావాడు బిల్హావాడు. ఆర్చి పడ్డప్పుడల్లా గోల.

అరుగు మీద కూర్చుని అదంతా విన్నాను. ఆ ఆర్చి పడడానికి కారణం బిల్హావాడు కాదు. నేను.

మా నాన్న పోయాక అమ్మ నన్నూ చెల్లినీ తీసుకుని విజయనగరం దగ్గరి పల్లె నుంచి బిలాస్‌పూర్ వచ్చేసింది. అక్కడ రైల్వే కాలనీలో మా పెదనాన్నకి క్వార్టరు ఉండేది. రెండు గదులు, ఒక వరండా, వెనక చిన్న పెరడు. అందులో పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ పిల్లలు, మేము. పడుకుంటే ఎవరి కాళ్ళు ఎవరి తల దగ్గరున్నాయో తెలిసేది కాదు. యుద్ధం నడుస్తున్న రోజులు. సామాను బళ్ళు ఆగకుండా పోతూనే ఉండేవి. లోకోషెడ్డు పొగ మా ఇంటి కప్పు మీదే కాపురముండేది. పెద్దమ్మ వడియాలు పెడితే పైన పాత చీర కప్పేది. అయినా మసి పడేది. వేయించాక వాటి మీది నల్లచుక్కలు చూసి, ఇవి మిరియాల వడియాలని పెదనాన్న ఏడిపించేవాడు.

పొద్దున్నే మాకు చద్దన్నం, ఉల్లిపాయ. పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ పిల్లలూ అదే తినేవారు. వాళ్ళు దాన్ని బాసీ అనేవారు. మా అన్నం గొప్పదా మీ బాసీ గొప్పదా అని గోడ ఇటు మేము, అటు వాళ్ళు గిన్నెలు చేత్తో పట్టుకుని దెబ్బలాడుకునేవాళ్ళం. చివరికి మా ఎండుచేప ముక్కకీ వాళ్ళ తివరా ఆకుకూరకీ మార్పిడి జరిగేది. సాయంత్రాలు మా వైపు పెద్దవాళ్ళు వరండాలో చేరి, ఈ యుద్ధం అయిపోగానే ఊరెళ్ళిపోతామని చెప్పుకునేవారు. ఒకరు కూడా వెళ్ళలేదు.

పెదనాన్న షెడ్డులో ఇటుకల మేస్త్రి. ఆ పనేమిటో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. బొగ్గు ఇంజన్లో నిప్పు మండే చోటు ఒక ఇనప గది. ఫైర్‌బాక్సు అనేవారు. ఆ గదిలో మంట మీద వాలుగా ఇటుకల కప్పు ఒకటి ఉంటుంది. అదే ఆర్చి. మంట సూటిగా బాయిలరు గొట్టాల్లోకి పోకుండా ఆర్చి కింద నుంచి తిరిగి, వేడంతా ఇచ్చి పోతుంది. ఆర్చి లేకపోతే ఎంత బొగ్గు వేసినా ఇంజను ఆయాసపడుతుంది గాని బండి లాగదు. ఆ మంటకి మామూలు ఇటుక నిలవదు. దానికి వేరే ఇటుక. ఆఫీసులో ఫైర్ బ్రిక్కు అనేవారు, మేము అగ్గిటిక అనేవాళ్ళం. దాన్ని అతికే మట్టి అగ్గిమట్టి.

షెడ్డు మూల ఒక పెద్ద గోలెంలో పెదనాన్న ఆ మట్టిని నానబెట్టేవాడు. మీద తడిగోనె కప్పేవాడు. దగ్గరికి వెళితే తొలకరి వాసనలాంటిది వచ్చేది, కాని దాంట్లో కొంచెం ఇనుము కలిసినట్టుండేది. పాత ఆర్చిలోంచి ఊడిన ఇటుకలు దంచి, జల్లించి, ఆ పొడి కలిపేవాడు. ఒట్టి మట్టి అయితే ఆరినప్పుడు బీటలు తీస్తుంది, ఒకసారి కాలిన పొడి కలిస్తే కుదురుగా ఉంటుంది. యుద్ధం మూలాన బస్తాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. ప్రతి బస్తా నుంచీ గోళీ అంత ఉండ చేసి, కమ్మరి కొలిమిలో పడేసి, తీసి చూసేవాడు. ఉండ తెల్లగా, రూపు చెడకుండా వస్తే మంచి మట్టి. పైన మెరుపు కనిపించిందా, బెల్లప్పాకంలా జారిందా, ఆ బస్తా బయటికి పోవాల్సిందే. దాంట్లో సున్నం కలిసి ఉన్నట్టు.

"అగ్గిటిక్కి అగ్గిమట్టే సుట్టం," అనేవాడు అన్నం తింటూ కూడా. "ఇటిక ఏ మట్టితో పుట్టినాదో అతుకూ ఆ మట్టే అవ్వాల. బయటి సంబందం తెస్తే వేడెక్కిననాడు గొడవే."

"అచ్ఛా," అనేది పెద్దమ్మ చారు వడ్డిస్తూ. "మేనకోడల్ని కాదని నన్ను తెచ్చుకున్నారు. అందుకేనేటి ఈ గొడవలు?"

మేమందరం నవ్వేవాళ్ళం. ఆ మట్టితో మేము చేసిన అల్లరి పనులూ ఉన్నాయి. గోళీలు చేసి కొలిమిలో కాల్చుకునేవాళ్ళం. అవి బజారు గోళీల్ని పగలగొట్టేవి. ఒక చవితికి దానితోనే వినాయకుణ్ణి చేశాం. అంత సొంపైన బొమ్మ కాలనీలో ఎవరికీ లేదు. మట్టి ఎక్కడిదని పెదనాన్న అడగలేదు. తొండం తాకి చూసి, దానికి ఇంకాస్త పొడి కలపాల్సిందన్నాడు, అంతే.

చదువు ఆపించి ఆయన నన్ను షెడ్డులో తన చేతికింద పెట్టించాడు. అమ్మ సంతోషించింది. ఇంట్లో ఇంకొక జీతం. నాకు మీసం కూడా రాలేదు అప్పటికి. పెదనాన్న ఒళ్ళు బరువెక్కింది, మోకాళ్ళు పట్టేశాయి. నిప్పు వేసే గుమ్మంలోంచి దూరడం ఆయనకి కష్టమైంది. అందుకని లోపలికి నేను వెళ్ళాలి. ఆయన బయట నిలబడి ఇటుకలందిస్తూ చెప్పేవాడు.

ఆ గుమ్మం ఎంతుంటుందంటే, ముందు చేతులు, తర్వాత తల, ఆ తర్వాత ఒక భుజం వంచి రెండోది లాక్కోవాలి. లోపల నిలబడడానికి లేదు. అన్ని పక్కలా ఇనుము. చల్లారిందని చెప్పేవారు గాని, యుద్ధం తొందరలో ఎప్పుడూ పూర్తిగా చల్లారనిచ్చేవారు కాదు. కింద తడిగోనెలు పరుచుకుని కూర్చుంటే అవి ఆవిరి కక్కేవి. బూడిద ముక్కుల్లోకి, గొంతులోకి వెళ్ళి ఇంటికొచ్చాక కూడా చారులో ఆ రుచే తగిలేది. పక్క ఇంజనుకి సుత్తి దెబ్బలు పడుతుంటే నేను కూర్చున్న డబ్బా గుయ్యిమనేది. వెలుతురు ఆ గుమ్మంలోంచే రావాలి. పెదనాన్న వంగి చూస్తే అదీ పోయేది. ఆయన మొహం అడ్డం వచ్చినప్పుడల్లా, ఇక బయటికి దారి లేదనిపించేది.

ఒకసారి ఇంజన్లు తుడిచే కుర్రాళ్ళు సరదాకి ఆ గుమ్మం తలుపు మూసేశారు. నిప్పు ముట్టిద్దామా అని బయట కేకలు. నేను ఇనుము మీద గుద్దాను, ఏడ్చాను. ఇంకా నవ్వారు. తలుపు తీసింది ఒక ఫైర్‌మన్. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. కొత్తగా పెళ్ళయినవాడు. బిల్హా నుంచి రోజూ లోకల్లో వచ్చేవాడు. కుర్రాళ్ళని తిట్టి, నన్ను చంకల కింద పట్టి బయటికి లాగి, తన సీసాలోని నీళ్ళు నా తల మీద పోశాడు. ఏడిచావని ఎవరికీ చెప్పనులే అన్నాడు. చెప్పలేదు కూడా. అతని ఇంజను బొగ్గు ఎక్కించుకోడానికి కదిలేటప్పుడు కొన్నిసార్లు నన్ను పైకెక్కించుకుని కూత వెయ్యనిచ్చేవాడు.

పని మాత్రం పెదనాన్న బాగానే నేర్పాడు. మట్టి అట్లపిండిలా జారుగా ఉండాలి. ఇటుక ముంచి, పెట్టి, పట్టు దొరికేదాకా అటూ ఇటూ రుద్దాలి. అతుకు గోరు మందం మించకూడదు. అంతా కట్టాక ముందుగా సన్నకట్టెల మంట. మట్టిలో తడి మెల్లగా పోవాలి, లేకపోతే ఆవిరి తన్నుకొచ్చి ఇటుకలు లేచిపోతాయి. తర్వాతే బొగ్గు. "ఈ మట్టికి సల్లగా ఉన్నప్పుడు బలముండదురా," అనేవాడు. "మంటలో పడ్డాకే గట్టిపడతాది. అందాకా ఇటికలు ఒకదాన్నొకటి నెట్టుకుని నిలబడాల."

నా భయమంతా ఆ 'అందాకా' మీదే. ఆర్చిని ఒక చెక్క చట్రం మీద కట్టేవాళ్ళం. ఆఖరి ఇటుక దిగ్గొట్టాక, కింద కూర్చుని చట్రం మేకులు తప్పించాలి. చట్రం దిగగానే పైన ఇటుకలన్నీ పళ్ళు నూరినట్టు చప్పుడు చేసి ఒకదాని మీదొకటి సర్దుకుంటాయి. ఆ క్షణం నేను వాటి కిందే ఉంటాను. పరుగెత్తడానికి చోటు లేదు. ఒకసారి అంచు ఇటుకలు రెండు జారి నా వీపు మీద పడ్డాయి. పెద్ద దెబ్బ కాదు. పెద్దమ్మ పసుపు పెట్టింది. కాని ఆ తర్వాత చట్రం ముట్టుకునేముందు గుమ్మం ఎటుందో రెండుసార్లు చూసుకునేవాణ్ణి. చెప్పుకోడానికి సిగ్గు. చెప్పినా ఏమవుతుంది? నేను వెళ్ళకపోతే ఆయన వెళ్ళాలి, ఆయన పట్టడు. ఆయన పని పోతే క్వార్టరు పోతుంది. అమ్మా చెల్లీ ఎక్కడికి పోతారు? ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో అన్నం తింటుంటే అవే తెలిసిపోయాయి.

షెడ్డు వెనక తాపీవాళ్ళు ఒక ప్లాట్‌ఫారం కడుతున్నారు. సిమెంటు నేను మొదటిసారి దగ్గరగా చూసింది అక్కడే. సాయంత్రం మెత్తగా పోసింది పొద్దున్నకి రాయి. మా మట్టిదేమో మంట తగిలేదాకా బలం రాని బతుకు. ఇది చల్లగానే గట్టిపడుతోంది. ఇంత మంచి సరుకుండగా పెదనాన్న ఇంకా పాతమట్టినే పట్టుకుని వేలాడుతున్నాడనుకున్నాను. చినిగిన బస్తాలోంచి పిడికెడు తీసి అన్నం గిన్నెలో దాచుకున్నాను.

ఆ వారమే బిల్హావాడి ఇంజనుకి ఆర్చి కట్టాల్సి వచ్చింది. పెదనాన్నని ఫోర్మన్ దొర ఇంకో ఇంజను దగ్గరికి పిలిచాడు. మట్టి కలుపుకుని మొదలెట్టమని నాకు చెప్పి వెళ్ళాడు. చిన్న గోలెంలోకి మట్టి తీసుకుని ఆ పిడికెడూ కలిపేశాను. రంగులో తేడా తెలియలేదు. ఆ రోజు చట్రం తీస్తుంటే ఇటుకలు చప్పుడు చెయ్యలేదు. తల పైకెత్తి వాటిని చేత్తో నెట్టి చూశాను. కదల్లేదు. మొదటిసారి నేను ఫైర్‌బాక్సులోంచి తొందరపడకుండా బయటికొచ్చాను.

పెదనాన్న వచ్చి చెయ్యి పెట్టి తట్టి చూశాడు. ఇంటికెళ్ళాక మా అమ్మతో, నీ కొడుకు సెయ్యి కుదిరినాదమ్మా, ఇక నాకు దిగుల్లేదన్నాడు. అమ్మ చోడిపిండి, అదే రాగిపిండి, వేయించి బెల్లం వేసి ఉండలు చేసింది. అందరికంటే పెద్ద ఉండ నాకే పెట్టింది. తిన్నాను.

ఆ ఇంజను కట్నీ వైపు సామాను బండి లాక్కుని వెళ్ళింది. కొండ ఘాటు ఎక్కుతుంటే ఆర్చి కూలింది. నిప్పంతా ఇటుకల కింద పడి, ఆవిరి దిగిపోయి, బండి అడవిలో నిలిచిపోయింది. వెనక వచ్చే బళ్ళన్నీ ఆగాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఇంకో ఇంజను పోయి దాన్ని ఈడ్చుకొచ్చింది.

షెడ్డులో అందరూ చుట్టూ చేరారు. దొర మొహం ఎర్రబడి ఉంది. పెదనాన్నని అడిగాడు. పెదనాన్న తడబడలేదు. తను కట్టిన ఆర్చి ఇనుము తగిల్తే తప్ప పడదు, కడ్డీతో పొడిచి ఉంటారన్నాడు. దొర బిల్హావాడి వైపు తిరిగాడు. అతను బొగ్గుమసి ఆరని మొహంతో నిలబడి ఉన్నాడు. కడ్డీ వాడావా? వాడాను. ఆర్చికి తగిలిందా? అతను వెంటనే లేదనలేదు. తన చేతులకేసి చూసుకున్నాడు. ఘాటు మీద నిప్పు మొద్దుబారితే గట్టిగానే కెలికాననీ, తగిలిందేమో తెలియదనీ అన్నాడు. తగల్లేదని ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో. తనకి రూఢిగా తెలియని మాట అతను చెప్పలేకపోయాడు. నాకు రూఢిగా తెలిసిన మాట నేనూ చెప్పలేదు. మా తెలుగువాళ్ళందరూ పెదనాన్న పక్కన నిలబడ్డారు. మేస్త్రి మాటెప్పుడూ తప్పలేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. దొర అక్కడికక్కడే అతన్ని ఇంజను మీంచి దింపి బూడిద గుంట పనికి పంపాడు.

అంతా వెళ్ళిపోయాక కూలిన ఇటుకలు తియ్యడానికి పెదనాన్న ఆ రోజు తనే లోపలికి దూరాడు. నన్ను కూడా రమ్మన్నాడు. ఇద్దరం ఆ ఇనప డబ్బాలో మోకాళ్ళు మోకాళ్ళకి తగిలేలా కూర్చున్నాం. ఆయన దీపం దగ్గరికి జరిపి ఒక ఇటుక తీశాడు. అంచు మీద ఆకుపచ్చటి మెరుపు. సున్నం కలిసిన మట్టి ఉండలాగే పాకంలా జారి గడ్డకట్టింది. గోటితో గీస్తే మిగతా అతుకు పిండిలా రాలింది. ఇంకో ఇటుక తీశాడు. అదీ అంతే. దీపం నా మొహం ముందుకి జరిపాడు.

"సున్నమేటి, సిమెంటేటి?"

"సిమెంటు."

"ఎందుకు కలిపినావు?"

"మీద పడిపోతాదని బయమేసింది పెదనాన్నా."

పక్క ఇంజను మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"బయమని నాకో మాట సెప్పాల్సిందిరా గుంటడా," అన్నాడు. తర్వాత, తనలో తను అనుకున్నట్టు, "అంతమంది ముందర నోరు జారీసినాను. ఇప్పుడెల్లి నాను కాదు, నా ఇంటోడే సేసినాడంటే ఈ పనుంటాదేటి, క్వాటరుంటాదేటి? మీ అమ్మా సెల్లీ రోడ్డు మీద పడతారు."

చేతిలో ఇటుక తిరగేసి కింద పెట్టాడు.

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఈ ముక్క ఇక్కడే ఉండిపోవాల," అన్నాడు. సుత్తి నా చేతికిచ్చాడు. మెరుపున్న అంచులన్నీ నేనే కొట్టేశాను. ఆ ముక్కలు నేనే తట్టలో మోసి బూడిద గుంటలో పోశాను. గుంటలో ఆ పూటే పనిలోకి దిగిన బిల్హావాడు ఉన్నాడు. తట్ట బరువుగా ఉందని కింద నుంచి చెయ్యి సాయం పట్టాడు.

ఆ తర్వాత పెదనాన్న నన్ను ఫైర్‌బాక్సులోకి పంపలేదు. పిల్లాడికి ఆ దుమ్ము పడటం లేదని ఇంట్లో చెప్పాడు. తనే దూరేవాడు. రెండు భుజాలూ గీరుకుపోయి, పక్కటెముకల మీద చర్మం లేచి ఇంటికొచ్చేవాడు. పెద్దమ్మ నూనె రాస్తూ, ఇంట్లో ఎదిగిన పిల్లాణ్ణి పెట్టుకుని నువ్వెందుకు దూరతావని సణిగేది. ఆయన నా వైపు చూసేవాడు కాదు. ఆ గుమ్మం తప్పిపోయిందని నాకు హాయిగా ఉండాల్సింది. కాని మా రెండు గదుల ఇల్లు నాకు ఆ ఇనప డబ్బాలాగే ఉండేది. ఆయనకెదురుగా కూర్చుని అన్నం తినాలి. ఆయన తుమ్మితే వినిపించేంత దగ్గరలో పడుకోవాలి. ఇద్దరికీ ఒకటే తెలుసు, ఇద్దరం నోరెత్తకూడదు.

ఒక పూట చెల్లి చేతిలోంచి మజ్జిగ గిన్నె జారింది. బిల్హావాడి చెయ్యి పడిందే దీని మీద అంది పెద్దమ్మ. ఆవిడకేమీ తెలియదు. అందరూ నవ్వారు. పెదనాన్నా నేనూ కంచాల్లోకి చూస్తూ తింటూనే ఉన్నాం. అలా ఆ మాట ఇంట్లో స్థిరపడింది.

బిల్హావాడు బూడిద గుంటలో కొన్నాళ్ళు చేశాడు. నేను ఆ పక్కనుంచి పోతుంటే పైకి చూసి నవ్వేవాడు. తర్వాత మానేసి ఊరికి వెళ్ళిపోయాడని విన్నాను. పెదనాన్న పోయేముందు మంచాన పడి ఉన్నప్పుడు ఆ మాట ఎత్తుతాడని రోజూ ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ షెడ్డులోనే నేనూ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రాయపూర్ వెళ్ళినప్పుడల్లా బిల్హా స్టేషను రాగానే రెండో వైపు కిటికీలోంచి చూసేవాణ్ణి.

పెదనాన్న ఇప్పుడు లేడు. క్వార్టరు ఎప్పుడో వేరేవాళ్ళదయింది. ఎవరి కోసం నోరు మూసుకున్నానో వాళ్ళలో ఎవరికీ ఇప్పుడు నా మౌనంతో పని లేదు. నిజానికి చాలా ఏళ్ళ కిందటే లేదు. పిల్లవాడి భయానికి ఒక సాకు ఉంటుంది. పెద్దయ్యాక నేను దాచుకున్నది నా పరువు కోసమే.

మొన్న వీధిలో ఆట చూశాక మనవణ్ణి పిలిచాను. కర్ర పక్కన పెట్టించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు నవ్వలేదు. "మరి నేను అందరికీ ఆడి చూపించేశాను కదా తాతా," అన్నాడు. వాడి కళ్ళనిండా నీళ్ళు.

నిన్న వాణ్ణి వెంటబెట్టుకుని లోకల్లో బిల్హా వెళ్ళాను. స్టేషను బయట బియ్యం మిల్లు దగ్గర, పూర్వం ఇంజన్లో పనిచేసి మానేసిన మనిషి ఇల్లెక్కడని అడిగితే చూపించారు. ఆయన పోయి చాలా కాలమైందిట. ఇంటి ముందు ఆయన భార్య చేటలో బియ్యం ఏరుతోంది. చిన్న మనిషి, ముగ్గుబుట్ట తల. మా ఇద్దరికీ మంచినీళ్ళు ఇప్పించింది. దాయీ, అంటే అమ్మా, ఒక మాట చెప్పుకోవాలని వచ్చానని మొదలుపెట్టాను. నా ఛత్తీస్‌గఢీ సగం, హిందీ సగం. ఆవిడ బియ్యం ఏరడం ఆపకుండా విన్నది. సిమెంటు దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి.

నీకు ఎప్పుడు తెలిసింది అని అడిగింది. ఆ రోజే తెలుసన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది. ఆయన చనిపోయేదాకా తన చెయ్యే ఆర్చికి తగిలిందనుకున్నాడని చెప్పింది. తన చేతుల మీద ఆయనకి నమ్మకం పోయింది. పిల్లలు పుడితే ఎత్తుకునేవాడు కాదు. కూర్చున్నాక ఆవిడే తెచ్చి ఒళ్ళో పెట్టాలి, ఆవిడే తియ్యాలి. ఎందుకని అడిగితే, నా చేతుల సంగతి నీకు తెలియదనేవాడు.

నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది. నాకెందుకు చెబుతావు, నేనెప్పుడూ ఆయన్ని తప్పు పట్టలేదంది. ఆయన అన్న ఉన్నాడు. పట్టాలు వేసే గ్యాంగులో పనిచేస్తూ, సాహెబుల కాళ్ళావేళ్ళా పడి తమ్ముణ్ణి ఇంజను మీద పెట్టించినవాడు. ఊరంతా చెప్పుకుని మురిసినవాడు. తమ్ముడు దిగిపోయి వచ్చిన రోజు నుంచీ అతనితో మాట్లాడలేదు. చితి దగ్గర కూడా పెదవి విప్పలేదు. పక్కింటి అరుగు మీదున్నాడు. చెప్పాలనుంటే ఆయనకి చెప్పమంది.

వెళ్ళాను. పండు ముసలాయన. చెవులు వినబడవు. నేను మామూలుగా చెబితే, ఎవరని అడిగాడు. గొంతు పెంచాను. ఏ ఆర్చి అని అడిగాడు. ఇంకా పెంచాను. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. మిల్లు కూలీలు వచ్చి నిలబడ్డారు. మనవడు నా పంచె పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నాడు. మట్టిలో సిమెంటు కలిపింది నేను, ఆర్చి కూలింది దానివల్ల, మీ తమ్ముడి చెయ్యి దానికి తగల్లేదు అని జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను.

ఆయనకి అర్థమైంది. గడ్డం కింద చర్మం వణకడం చూశాను. అయినా అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, మళ్ళీ చెప్పమన్నాడు.

మళ్ళీ చెప్పాను.